దొరసానికి నేర్పిన బుద్ధులు

బి.కొత్తకోట నుంచి మదనపల్లెకు పోయే దారిలో ఒక చిన్న ఊరు. అందులో చివరి సందులో రుక్మిణమ్మ ఇల్లు. మొగుడు పోయి పదకొండేళ్లు, పిల్లల్లేరు. ఎదురింటి ధనుంజయ టమాటా తోటలో కాయలు కోసి, పండూ దోరా వేరుచేసి క్రేట్లకు ఎత్తడం ఆమె బతుకుతెరువు. ఇంట్లో రెండో ప్రాణి ఒక చారల పిల్లి. దాని నడక చూసి సందులోవాళ్లే దానికి దొరసాని అని పేరు పెట్టారు. పిలిస్తే రాదు, అదిలిస్తే పోదు, ఎవరైనా ఎత్తుకోబోతే గీరుతుంది. రుక్మిణమ్మ పని నుంచి వచ్చి కాళ్లు చాపుకుంటే మాత్రం పిలవకుండానే వచ్చి ఒళ్లో పడుకునేది. ఆపాటి చాలు ఆమెకు. పొద్దస్తమానం జరిగిందంతా దానికే చెప్పుకునేది.

చిక్కల్లా ఒక్కటే. తెల్లారుతూనే ధనుంజయ బండి మండీకి బయల్దేరుతుందా, సరిగ్గా అప్పుడే దొరసాని దానికి అడ్డంగా సందు దాటేది. ధనుంజయ బండి ఆపి, దిగి, నీళ్లు తాగి, కాసేపు అరుగు మీద కూర్చుని మళ్లీ బయల్దేరేవాడు. ఆలోగా అక్కడ వేలం మొదలయ్యేది. ఆ శ్రావణంలో రేటు పడిపోయింది. మండీకి వచ్చిన అందరి కాయలకూ పడింది. అయినా పిల్లి వల్లే పడిందని సందంతా తేల్చేసింది. ఆహా, ఎంత బలం ఆ పిల్లికి! మదనపల్లె మార్కెట్టునే దించేసింది.

"అక్కా, నీ పిల్లిని కట్టేసుకో. ల్యాకుంటే యాడన్నా ఇడిసిపెట్టు. ఇంగోసారి చెప్పను," అన్నాడు ధనుంజయ.

కూలి ఇచ్చే మనిషి మాట. కాదనలేదు, పిల్లిని వదులుకోనూలేదు. ఇక బుద్ధి నేర్పాల్సిందే అనుకుంది.

తలుపేసి లోపల పెడితే దొరసాని ఇల్లెగిరిపోయేలా అరిచి, రాగిపిండి డబ్బాలో ఉచ్చపోసింది. తాడేసి కడితే రెండు రోజులు మెతుకు ముట్టలేదు. మూడో రోజు రుక్మిణమ్మే తాడు విప్పి, దాన్ని పట్టుకుని ఏడ్చింది. చివరికి కుప్పంలో ఉన్న చెల్లెలి కూతురు శ్రుతికి ఫోన్ చేసింది.

"కొట్టినా కట్టేసినా ఇంగా మొండికేస్తాది పెద్దమ్మా. బండి పోయే టైముకు ముందర బాగా ఆడించు. ఆడించినాంక కడుపునిండా పెట్టు. తిని పండుకుంటాది. దినామూ అదే టైముకు సెయ్యాల. ఫోన్లో వీడియోలో పశువుల డాక్టరు చెప్పినాడు," అంది శ్రుతి.

యాభై నాలుగేళ్ల మనిషి! కోడి కూయకముందే లేచి, పురికొసకు ఈక కట్టి ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరిగింది. నడుము పట్టేసింది. మొదటి రోజు దొరసాని, ఈమెకేమైనా పిచ్చా అన్నట్టు చూసింది. రెండో రోజు పంజా విసిరింది. నాలుగో రోజుకు గెంతులేసింది. ఎండుచేప కలిపిన అన్నం తిని ముడుచుకుని పడుకుంటే, బయట బండి చప్పుడు దూరమయ్యేదాకా రుక్మిణమ్మ ఊపిరి బిగబట్టి దాని వీపు నిమిరేది. అలా పదిహేను రోజులు బండికి అడ్డం లేదు.

"సూసినావా శోభా, నా బిడ్డ మాట ఇంటాండాది," అని తోటలో ధనుంజయ పెళ్లాంతో చెప్పి మురిసిపోయింది.

పదహారో రోజు ఆమెకు జ్వరం. లేవలేకపోయింది. ఈక కోసం దొరసాని చూసి చూసి, పెంకుల సందులోంచి బయటపడి, బండి ముందు నుంచి తీరిగ్గా దాటిపోయింది. ఆ రోజు మండీలో కాయలను అడిగినవాడు లేడు. ధనుంజయ సగం క్రేట్లు రోడ్డు పక్కన పారబోసి వచ్చాడు. వచ్చినవాడు ఖాళీ క్రేటు తెచ్చి ఆమె వాకిట్లో పెట్టాడు.

పట్టుకోబోయిన ప్రతివాడి చేతినీ దొరసాని రక్తం వచ్చేలా గీరింది. చివరికి రుక్మిణమ్మే కూర్చుని చేయి చాపితే దానంతటదే వచ్చి ఒళ్లో చేరింది. దాన్ని క్రేటులో పెట్టి, పైన ఇంకొకటి బోర్లించి, ఆమే ముడేసింది. ఆ చేతులను ఆమె తర్వాత చాలాసేపు కడుక్కుంది.

"పుంగనూరులో బియ్యం మిల్లు కాడ ఇడిసినాను లేక్కా. ఎలకలు దండిగా ఉండాయి. దానికేం తక్కువ?" అన్నాడు ధనుంజయ మర్నాడు.

"ఎనక్కి తిరిగి సూసిందా అప్పా?"

"నేను సూడలేదు."

అయినా ఎక్కడో ఆశ. తిరిగొస్తుందేమోనని రోజూ తెల్లారకముందే వాకిట్లో నిలబడి సందు మొదలు వైపు చూసేది. దొరసాని రాలేదు. రేటూ లేవలేదు, ఇంకా పడింది. సందులో నింద వేయడానికి పిల్లి కూడా లేకపోయింది.

ఐదో రోజు తోటలో శోభ పక్కన కూర్చుని కాయలు ఏరుతూ, తలెత్తకుండా చెప్పింది.

"తప్పుగా అనుకోవాకు అక్కా. మా ఆయన బండి తీసేటప్పుడు నువ్వు వాకిట్లో నిలబడుకోనుంటాండావంట. ఒంటి మనిషివి... అదీ పొద్దున్నే. ఆ పది నిమిషాలు లోపలుండి, బండి పోయినాంక బయటికి రారాదా?"

 ఆ బండిలోకి ఎక్కే ప్రతి కాయా రుక్మిణమ్మ చేతిమీదుగా పోయేదే. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేసింది.

"అట్లే లేమ్మా," అంది.

మర్నాడు బండి స్టార్టయ్యే వేళకు ఆమె లోపల గడియ పెట్టుకుని, చప్పుడు దూరమయ్యేదాకా గోడకానుకుని కూర్చుంది. దొరసానికి నేర్పడానికి అన్ని తిప్పలు పడాల్సి వచ్చింది. ఈమెకు ఒక్క మాట చాలింది.