మైనస్‌ను మింగిన జాబితా

పజుండౌంగ్ పేటలో మా రక్తదాతల సంఘానికి ఉన్నది ఒక గది, రెండు ఫోన్లు, ఒక పాత కంప్యూటరు. దాతల జాబితా, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశామన్న లాగ్ ఒకే సెర్చ్ సిస్టంలో ఉంటాయి. దాన్ని చూసుకునేది నేను. గోదాములో సరుకు లెక్కలు రాస్తూ కంప్యూటరు పని సొంతంగా పట్టుకున్నవాణ్ణి.

పోయిన నెల దాన్ని కొత్త వెర్షన్‌కు మార్చబోతే నలభై ఒక్క తప్పులు చూపించింది. ఏ ఫీల్డ్‌లో ఏ రకం సమాచారం ఉంటుందో చెప్పే మ్యాపింగ్‌లో మేం రాసిన పాత మాటలు ఇక చెల్లవట. అక్షరాలకు ఇదివరకు ఒకటే రకం, ఇప్పుడు రెండు. ఒకటి ముక్కలు చేసి వెతికేది, రెండోది ఉన్నదున్నట్టు ఉంచేది. విడతకు కరెంటు ఇచ్చేది నాలుగు గంటలు. తప్పుకు ఐదు నిమిషాలు వేసుకున్నా మూడు గంటల ఇరవై ఐదు నిమిషాలు. అక్షరాల ఫీల్డ్‌లన్నిటికీ మొదటి రకమే పెట్టేశాను. ఒకచోట ‘ముక్కలు చేయవద్దు’ అనే పాత వరస మొండికేసింది. తీసేస్తే తప్పు పోయింది. ముందు 6,214 మంది, తర్వాత 6,214 మంది. లెక్క సరిపోయిందని లేచాను.

మర్నాడు పొద్దున ఆస్పత్రి నుంచి ఫోన్. కాన్పులో రక్తం పోతున్న ఒకావిడకి ఓ నెగెటివ్ వెంటనే కావాలి. ఈ ఊళ్లో ఆ గ్రూపు దొరకడమే కష్టం. దాతలకు ఫోన్లు చేసే అక్క జాబితాలో వెతికి, తెర మీద కనిపించేవి పేరూ నంబరే కాబట్టి, వరసగా నలుగురికి చేసింది. నలుగురూ పాజిటివే.

“ఏటి తమ్ముడూ ఇది! నెగెటివ్ అడిగితే ఊరందర్నీ సూపిత్తంది?”

“లెక్క సరిగ్గానే ఉందక్కా.”

“నీ లెక్క తగలెయ్య! ఆ లమ్మడా పేట ఆయన ఏటన్నాడో తెల్సా? నా గ్రూపు ఎప్పుడు మార్చేసారని నవ్వుతన్నాడు.”

ముక్కలు చేసేటప్పుడు ఆ సిస్టం మాటల్ని ఉంచి గుర్తుల్ని పారేస్తుంది. ఓ ప్లస్, ఓ మైనస్ రెండూ దానికి ఒట్టి ఓ. గ్రూపు ఫీల్డ్‌లో నేను పీకేసిన వరస ఉన్నది అది జరగకుండా ఆపడానికే. మనుషుల్ని లెక్కపెట్టాను గానీ ఒక్కసారైనా వెతికి చూడలేదు.

సరిచేయాలంటే మొత్తం మళ్ళీ ఎక్కించాలి, గంటన్నర. కరెంటు పోవడానికి ఇరవై నిమిషాలుంది. అదృష్టం, అసలు రాతలో మైనస్‌లు అలాగే ఉన్నాయి. అంతా ఒక ఫైల్లోకి దించి ‘ఓ మైనస్’ అని ఉన్న వరసలే ఏరితే పదకొండు పేర్లు తేలాయి. అక్కకో ఫోన్, నాకో ఫోన్. ఐదు నంబర్లు పనిచేయలేదు. ఇద్దరు దేశం వదిలి వెళ్ళిపోయారు. ఎనిమిదో ఆయన తామ్వే పేటలో ఉండే మన తెలుగువాడే. టాక్సీ ఎక్కుతానన్నాడు.

అక్క ఫోన్ పెట్టలేదు. “బాబూ, నీ రక్తదాత కారుడు తీసి సదువు. ‘ఓ’ అచ్చరం పక్కన ఏటి రాసుంది?”

మధ్యాహ్నానికి ఆవిడకి రక్తం ఎక్కిస్తున్నారని కబురొచ్చింది.

మ్యాపింగ్ సరిచేసి నెలైంది. ఒక్కో గ్రూపూ వెతికి అక్కకు చూపించాను కూడా. తలూపింది. ఇప్పటికీ ఎవరికి ఫోన్ చేసినా, నా ఎదుటే, ముందు కార్డు తీసి చదవమంటుంది.