వెదర్ పర్మిటింగ్

మొన్న అక్క సంవత్సరీకపు ప్రార్థన సంగతి మేనకోడలు కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టగానే ఆమె తండ్రి, అంటే మా బావ, జవాబిచ్చాడు: "పదకొండుకు చేరుకుంటా, వెదర్ పర్మిటింగ్." నేరేడ్‌మెట్ నుంచి తిరుమలగిరికి ఆటోలో ఇరవై నిమిషాలు. పిల్లలంతా నవ్వు బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

బావ సరుకుల ఓడలో ఇంజను పని చేసేవాడు. ఆ మాట ఓడవాళ్లది. సముద్రం సహకరిస్తే ఫలానా వేళకు వస్తామని రేవుకు ముందే చెప్పడం. అందులో తప్పు లేదు, గాలికి ఎవడు పూచీ పడగలడు? కానీ దానికో మర్యాద ఉంది. ఆలస్యమయ్యేట్టుంటే కొత్త వేళ లెక్కగట్టి మళ్లీ కబురు పంపాలి. బావ మొదటి సగమే నేర్చుకున్నాడు. కూరగాయలకు చిలకలగూడ పోయినా అదే మాట, మధ్యాహ్నం దాటినా కబురుండదు.

మేనకోడలి బాప్తిస్మం ఆయన కోసమే రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి ఒక శుక్రవారం కొలంబో నుంచి టెలిగ్రాం: రేపు బయలుదేరుతున్నాం, వచ్చే వారం ఆదివారానికి ఉంటా, వెదర్ పర్మిటింగ్. అప్పుడు నేను ఇంటర్ మానేసి, పాత పుస్తకాలు కొని సొంతంగా లెక్కలు నేర్చుకుంటున్నాను. ఓడ చేరాల్సిన బొంబాయికి అక్కణ్నుంచి సుమారు తొమ్మిది వందల సముద్రపు మైళ్లు. ఆ ఓడ గంటకు పన్నెండు పోతుంది. డెబ్బై అయిదు గంటలు, అంటే మంగళవారం. తుపాననుకుని వేగం సగం చేసినా ఆరుంపావు రోజులు, ఆపైన రైల్లో ఒక రాత్రి. "ఎంత లేటైనా శనివారానికి ఇంట్ల ఉంటడక్కా," అని కాగితం చూపించాను.

ఆదివారం అక్క పాపకు తెల్ల గౌను తొడిగి చర్చి గుమ్మంలోనే నిలబడింది. పాస్టరుగారు రెండు కీర్తనలు అదనంగా పాడించారు. చివరికి తండ్రి నిలబడే చోట నేను నిలబడ్డాను.

బావ ఆ తర్వాతి గురువారం దిగాడు. ఓడ మంగళవారమే రేవు చేరిందని తానే నోరు జారాడు. తొమ్మిది రోజులూ బొంబాయిలో దోస్తులతో! నిలదీస్తే నవ్వాడు.

"ఏందిర బామ్మర్దీ, సముద్రాన్ని సుత ఎక్కాలతోటి కొలుస్తవా?"

నేను మీదికి లేవబోతే అక్క చెయ్యి పట్టుకుంది. "ఊకో తమ్మీ. మంగళవారమని నీ కాగితంల నేను సుత చదివిన."

అంతా తెలిసే ఆ గుమ్మంలో నిలబడిందన్నమాట. ముప్పై ఏళ్లు దాటినా నా కోపం చల్లారలేదు. కాలం అన్ని గాయాలనూ మాన్పుతుందంటారు. గాయపడ్డ మనిషే వెళ్లిపోయాక అది ఎవరిని మాన్పుతుందో నా లెక్కకు అందడం లేదు.