అద్దం మేస్త్రి బుగ్గలో దూది

ఉదయం పదిన్నరకు అద్దం మేస్త్రి రెండు బుగ్గల్లోనూ దూది చుట్టలు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఎడమచేతి రెండు వేళ్లకు తీగలు, ఛాతీకి ఒక పట్టీ. ఎదుట బల్ల మీద మూతలు పెట్టిన రెండు గ్లాసులు. ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో ఆయన ఏళ్ల తరబడి తాగిన సరుకు.

మందు మానిన మనిషికి అది కంటబడితే, ముక్కుకు తగిలితే ఒంట్లో, మనసులో ఏమవుతుందో కొలిచే ఆస్పత్రి గది అది. గుండె వేగం తెర మీద ఒక గీత, వేళ్ల చెమట ఇంకో గీత. దూదిని ముందూ తర్వాతా తూచి నోరెంత ఊరిందో తేలుస్తారు. తాగాలని ఎంతగా ఉందో మనిషే సున్నా నుంచి పది దాకా ఉన్న పట్టీ మీద వేలు పెట్టి చూపించాలి.

మేస్త్రి మాని ఏడాది దాటింది. ఫర్నిచర్ షాపు యజమాని ఆయన పాలిష్ పనిచేసే బల్లను ఇంకెవరికీ ఇవ్వలేదు. మళ్లీ తాగే భయం లేదని డాక్టరు రాసిస్తే రేపే రమ్మన్నాడు, లేకపోతే లేదన్నాడు. ఈలోగా మేస్త్రి ఒక గోడౌను గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కాపలా ఉంటున్నాడు. ఆ కుర్చీ గురించి ఆయన చెప్పేది ఒకటే, దానికి పాలిష్ అక్కర్లేదని.

ఆయన పనిచేసిన గది పొడుగ్గా ఉండేది. కిటికీ పక్కన ఆయన బల్ల. లక్క పలుకుల్ని స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, పాత బనీను గుడ్డలో దూది ముద్ద కట్టి దానితో చెక్కను రుద్దేవారు. ఒక పూత, ఆరాక గరుకు కాగితం, మళ్లీ పూత. చెక్కలో తన మొహం కనిపించేదాకా వదలడు కాబట్టే ఆ పేరు. పని నేర్పిన పెద్ద మేస్త్రి, "చెక్క ఎంత తాగితే అంత మెరుస్తుందిరా, మనిషి ఎంత తాగితే అంత మాసిపోతాడు" అనేవాడట, చేతిలో గ్లాసు పట్టుకునే. సాయంత్రం చివరి పూత అయ్యాక వేళ్లకంటిన లక్కను స్పిరిట్ గుడ్డతో తుడుచుకుని, ఆ చేతులతోనే నలుగురూ వెనక గదిలో గ్లాసులందుకునేవారు. అక్కడి పాటలు, పరాచికాలు చెప్పేటప్పుడు మేస్త్రి గొంతు ఇప్పటికీ మెత్తబడుతుంది. ఆ నలుగురిలో పెద్ద మేస్త్రితో సహా ఇద్దరు ఇప్పుడు లేరు.

నీళ్ల గ్లాసు మూత తీశారు. తర్వాత రెండోది. గీతల్లో తేడా లేదు, దూది బరువులోనూ లేదు. మేస్త్రి రెండుసార్లూ రెండు అంకె మీదే వేలు పెట్టాడు. మొదటినుంచీ గుండె కాస్త వేగంగానే ఉన్నా, కొత్తచోటు బెదురనుకుంది డాక్టరమ్మ. నీళ్లూ మందూ ఒక్కటే అయ్యాయి కాబట్టి మధ్యాహ్నం కాగితం రాసిస్తానంది.

బయట బెంచీ మీద భార్య ఉంది. తన కాపురంలో ఈయన ఇంతసేపు నోరు మూసుకోవడం ఇదే మొదలని నవ్వుతూనే, ఆయన చేతివంక చూసి ఆగిపోయింది.

"వేళ్లెందుకు వాసన చూసుకుంటున్నారు?"

"ఊరికే."

"ఊరికే మీరు తుమ్మను కూడా తుమ్మరు. చెప్పండి."

తీగలు అంటించేముందు సిస్టర్ వేళ్లు స్పిరిట్ దూదితో తుడిచిందని చెప్పాడు. అందరికీ అలాగే తుడుస్తుంది. మూతలు తీయకముందే తనకు నోరూరిందని, షాపులో పని ముగించిన సాయంత్రంలా అనిపించిందని, ఆ తర్వాత ఏ గ్లాసైనా ఒకటేనని చెప్పాడు. రెండు మీద వేలు పెట్టింది మాత్రం కావాలనే.

గోళ్లకు లక్కరంగుతో, ఈల వేసుకుంటూ మెట్లెక్కి వచ్చిన పెళ్లినాటి మనిషిని ఆమె కూడా మరిచిపోలేదు.

"కాగితం ఇస్తే మీరు వెళ్లేది ఆ వాసనలోకే కదండీ."

"చెబితే మళ్లీ ఆ కుర్చీయే."

"చల్లకొచ్చి ముంత దాచడమెందుకు? పదండి లోపలికి."

మధ్యాహ్నం సబ్బుతో చేతులు కడిగించి, ఆరాక మళ్లీ తీగలు పెట్టారు. నీళ్లకు గీత నిదానంగా సాగింది. మందుకు కొంచెం లేచింది. చివర్న సిస్టర్ స్పిరిట్ దూదిని ఆయన ముక్కుకు దగ్గరగా పట్టుకుంది. గీత నిచ్చెనెక్కినట్టు ఎక్కింది. మేస్త్రి ఈసారి ఎనిమిది చూపించాడు.

డాక్టరమ్మ కాగితం రాయలేదు. ప్రతి సోమవారం రమ్మంది. స్పిరిట్ సీసా మూత తీసి ముందు పెట్టి, కోరిక పుట్టి, పెరిగి, దానంతటది చల్లారేదాకా కూర్చోబెడుతుంది. అంకె నిజంగా రెండుకు దిగితే అప్పుడు రాసిస్తానంది. మేస్త్రి తనే షాపుకెళ్లి ఈ సంగతి చెప్పాడు. యజమాని బల్లను ఇంకెవరికీ ఇవ్వకుండా దాని మీద గుడ్డ కప్పించాడు.

మొదటి సోమవారం సీసా ముందు మేస్త్రి కళ్లు తుడుచుకున్నాడు. ఘాటు అన్నాడు.

"ఘాటు కాదు, పెద్ద మేస్త్రి గుర్తొచ్చాడు" అంది పక్కనే కూర్చున్న భార్య.

నిన్న ఆరో సోమవారం. అంకె అయిదు.