బరువు తగ్గిన పందిపిల్లలు

కంప్యూటరు తెలిసినవాడికి లోకంలో ఇంకేదీ తెలియనక్కర్లేదని మేమంతా గట్టిగా నమ్మిన రోజులవి. రెండువేల సంవత్సరం వస్తోంది, కంప్యూటర్లలో సంవత్సరానికి రెండంకెలు చాలవని ప్రపంచమంతా బెంబేలెత్తుతుంటే, ఆ అంకెలు సరిచేయడానికి సింగపూరొచ్చి, పెద్ద ఆఫీసులన్నీ ఉండే రాఫెల్స్ ప్లేస్‌లో టై కట్టుకుని (ముడి రోజూ రూమ్మేటే వేసేవాడు) తిరిగేవాణ్ణి. వెనక్కి నడిచే తేదీలను పట్టుకోవడమే నా ఉద్యోగం. నిన్నటికంటే ఇవాళ చిన్నదైతే అది తప్పు, కొట్టెయ్. నాకు తెలిసిన విద్య అంతే, దానికే నెలనెలా జీతమిచ్చేవారు.

నేనుండే టాంపినీస్ పేటలో మా పై అంతస్తులో బాపట్ల నుంచి వచ్చిన పశువైద్యురాలు ఉండేది. పరిశోధన పందుల దాణా మీద గనక కుర్రాళ్ళందరికీ ఆవిడ పందులక్క. ఆ పేరు చెవిన పడ్డా కోప్పడేది కాదు, "పందులక్కనే, అయితే ఏంది?" అనేది. సింగపూర్‌లో పందుల పెంపకం అప్పటికే ఎత్తేశారు. అందుకని వారం వారం ఫెర్రీ ఎక్కి పక్క దేశపు దీవిలోని ఫారానికి వెళ్ళి, కీచుమని గింజుకునే పందిపిల్లల్ని ఒక్కొక్కటిగా చంకనెత్తుకుని కాటా మీద పెట్టి తూచి వచ్చేది. తల్లిపాలు మాన్పించగానే పిల్లల పొట్టలో ఆమ్లం చాలదట, గింజల దాణా సరిగా అరగదట. సగం పిల్లలకు దాణాలో కొంచెం ఆమ్లప్పొడి కలిపి చూస్తోంది.

"అంటే చింతపండు పులుసు పోసి పెడుతున్నావా అక్కా?"

"నవ్వకు. దాదాపు అంతే. ఎంత పెట్టామని కాదబ్బాయ్, ఎంత ఒంటబట్టిందో చూడాల."

ఈ పులుసు పనిచేయకపోతే పరిశోధన ఆపేయమని ప్రొఫెసరు చెప్పేశారు. ఆపితే స్కాలర్‌షిప్పూ ఆగుతుంది, అక్క తిరుగు విమానం ఎక్కాల్సిందే. బరువుల లెక్క తేల్చే ప్రోగ్రాము నేను రాసిపెడతానని ఎగిరి ముందుకొచ్చాను. ఆదివారం మధ్యాహ్నం అక్కను పక్కన కూర్చోబెట్టుకుని మీట నొక్కితే, పులుసు తిన్న పిల్లలూ తినని పిల్లలూ సరిసమానంగా పెరిగాయని తెర మీద తేలింది.

"కంప్యూటర్ అబద్ధం చెప్పదక్కా" అన్నాను, పరామర్శకు వచ్చినవాడిలా.

అక్క ఏడవలేదు, వాదించలేదు. "మామూలు దాణా కొట్టంలో కొన్ని పిల్లలు తొట్టిలో మూతి కూడా పెట్టకుండా మూలన నక్కినయ్. నా కళ్ళతో చూశా. అవి ఏయి ఇందులో?"

"బరువు తగ్గినట్టు ఉన్నవా? అవి కాటా తప్పులక్కా. ప్రోగ్రామే ఏరి పారేసింది." గర్వంగానే చెప్పాను. పెరగాల్సిన పిల్ల తగ్గడమేమిటి?

అక్క నా వంక నిదానంగా చూసింది. "అబ్బాయ్, మీ అమ్మ దగ్గర్నించి ఇక్కడికొచ్చిన మొదటి వారం ఏం తిన్నావ్?"

తిండి కొట్లన్నీ ఒక్కచోటుండే హాకర్ సెంటర్‌లో ప్రతి గిన్నెనూ అనుమానంగా చూసి వెనక్కి తిరిగేవాణ్ణి. (తర్వాత పప్పుచారు క్యారియర్ తెచ్చిపెట్టిన అక్కకు ఆ సంగతి తెలియకనా?)

"అరటిపళ్ళు" అన్నాను.

"తగ్గావా?"

"ప్యాంటు జారిపోయేదక్కా."

"మరి నిన్ను గూడా కాటా తప్పని కొట్టేద్దామంటావా?"

పారేసిన పిల్లలన్నిటినీ తిరిగి లెక్కలో పెట్టాం. తగ్గినవి దాదాపు అన్నీ మామూలు దాణా తిన్నవే. పులుసు గుంపు మాత్రం తల్లిని వదిలిన ఆ వారంలో కూడా, తిన్నది అరిగించుకుని నెమ్మదిగా పైకే వెళ్ళింది. పరిశోధన నిలిచింది, అక్క నిలిచింది. ప్రొఫెసరు దగ్గర నా ఘనకార్యం ఒక్క ముక్క చెప్పలేదు సరికదా, ప్రోగ్రాము మా తమ్ముడే రాశాడని పొగిడి వచ్చిందట. అంత పెద్దమనసు ఆ తర్వాత నేను పనిచేసిన ఏ ఆఫీసులోనూ నాకు కనబడలేదు.

ఇప్పుడు నేను సింగపూర్‌లోనే, సెంగ్‌కాంగ్‌లో అంకుల్‌ని. ఊరి నుంచి కొత్తగా దిగిన పిల్లల్ని మొదటి వారమే భోజనానికి పిలిచి పప్పుచారు పోస్తాను. చాలంకుల్ అంటున్నా వినను. "డాడీ, ఎనఫ్ లా!" అని మా అమ్మాయి ఇక్కడి యాసలో విసుక్కుంటుంది. అక్క ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి మాట ఇప్పటికీ "ఏం తిన్నావబ్బాయ్?" అనే. ఏ పొడీ కలపకుండానే పెరిగిపోతున్నానని చెప్పి నవ్విస్తాను. అరటిపళ్ళు తింటూ మూలన నక్కిన ఆ బక్క కుర్రాణ్ణి లెక్కలోంచి తీసేయకుండా ఉంచింది ఆవిడేనని మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.