కంపెనీ సైలెన్సర్

చచ్చిపోయిన తమ్ముడి కారుకు ధర కట్టించే పని నా నెత్తిన పడింది. తెలంగాణ వచ్చిన ఎండాకాలం అది. గోదావరిఖనిలో ఏ గల్లీ చూసినా డప్పులు, పటాకులు. నాకు మాత్రం ఎవరైనా ఎదురొచ్చి "బండి ఎంతకిస్తరక్కా?" అంటే కడుపు మండేది.

తమ్ముడు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. ఇల్లంత బండి. రోజంతా మట్టీ బొగ్గూ మోస్తూ నింపాదిగా పాకే ఆ బండి మీద కూర్చుని కూర్చుని, వాడికి చిన్నదీ ఉరికేదీ కావాలనిపించింది. కొన్నాడు. చూడటానికి అన్ని చిన్న కార్లలాంటిదే, లోపల ఇంజను మాత్రం పెద్దది. "డ్యూటీల ఏనుగు, ఇంటికాడ గుర్రం" అని మురిసిపోయేవాడు. అది చాలదన్నట్టు, కారుతోపాటు వచ్చిన కంపెనీ సైలెన్సర్ పీకించి అటకెక్కించి, హైదరాబాద్ నుంచి ఇంకోటి తెప్పించి బిగించాడు. ఓయమ్మో, ఏం చప్పుడది! గల్లీ మలుపులో ఉండగానే వంటింట్లో గిన్నెలు వణికేవి. "పెండ్లాం ఉన్నది, బిడ్డ పుట్టింది, ఇంకా పోరగాని షోకులేందిరా?" అని తిట్టేదాన్ని. "నువ్వు చెవులల్ల దూది పెట్టుకో అక్కా" అని నవ్వేవాడు.

మా బాపుకు దూదితో పని లేదు. బొగ్గు బాయిలో డ్రిల్లు మిషను పట్టి పట్టి, రిటైరయ్యేనాటికి చెవులు రెండూ పోయాయి. అన్నం తిన్నావా అంటే ఎండ బాగా కొడుతోంది అనేవాడు. ఫోన్ మోగినా, మనవరాలు ఏడ్చినా వినపడేది కాదు. సన్న చప్పుళ్లు పోయి, మోటు చప్పుళ్లే కాస్త మిగిలాయని డాక్టరు చెప్పాడు. ఆ మిగిలినవాటిలో కారు చప్పుడు ఒకటి. షిఫ్టు దిగి తమ్ముడు మలుపు తిరగ్గానే బాపు మంచం మీంచి లేచి, "వచ్చిండు" అంటూ పోయి గేటు తీసేవాడు. ఇంకెవరైనా తీయబోతే కోపం. రిటైరైన తర్వాత ఆయనకు మిగిలిన డ్యూటీ అదొక్కటే.

తమ్ముడు కామెర్లతో పోయాడు. కరీంనగర్ దవాఖాన నుంచి అంబులెన్సులో తెచ్చాం. గల్లీ గల్లీ అంతా ఏడుస్తూ బయటికి వచ్చింది. బాపు మాత్రం వాకిట్లో అటు తిరిగి కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. నేనే పోయి భుజం మీద చెయ్యేశాను. నా మొహం చూసి, గేటు దిక్కు చూసి, "వాని బండి చప్పుడు గాలేదు గదా బిడ్డా" అన్నాడు.

తర్వాత మరదలికి వాడి ఉద్యోగం కింద మందమర్రి ఆఫీసులో పని ఇచ్చారు. పాపను తీసుకుని పోయింది. "కారు అమ్మిపెట్టు వదినా, పాప ఖర్చులకన్న అయితది. దాన్ని చూస్తే నా పాణం పోతున్నది" అంది. ఆమె మాటలో తప్పులేదు. మా ఇల్లు పక్క గల్లీలోనే కాబట్టి బాపు అన్నం, కారు ఆలనాపాలనా నాకే వచ్చాయి. బ్యాటరీ పడిపోకుండా ప్రతి ఆదివారం స్టార్ట్ చేసేదాన్ని. నడపడం తమ్ముడే నేర్పాడు. తాళం తిప్పగానే బాపు లేచి పోయి గేటు తీసేవాడు. కొడుకు లేడని తెలియక కాదు. తెలుసు. తెలిసే లేచేవాడు. ఇంజను ఆపేదాకా గేటు రెక్క పట్టుకుని నిలబడి, ఆపాక మూసి వచ్చి పడుకునేవాడు. అమ్ముదాం బాపు అని చెవిలో అరిస్తే, "ఉండనియ్యి" అనేవాడు.

అయినా తప్పదు గదా. వాడు ఎప్పుడూ చూపించే మెకానిక్ చాచా దగ్గరికే తీసుకుపోయాను.

"సింగిల్ ఓనర్ బండి చాచా, మంచి రేటు చెప్పు" అన్నాను.

కాగితాలు చూసి తల గోక్కున్నాడు. "కాదు బేటీ. తమ్ముడు పోయినంక బీవీ పేరు మీద అయింది. ఆమె సెకండ్ ఓనర్. ఇప్పుడు కొనేటోడు మూడోవాడు. రేటు పడతది."

నాకు సుర్రున మండింది. మనిషి పోయిందే కాక, ఆ పోయినందుకు ధరలో కోతా! "వాడేమన్న అమ్ముకొని పోయిండా చాచా? గిదేం లెక్క?" అని లడాయి పెట్టుకున్నాను. ఆయనేం చేస్తాడు పాపం, చాయ్ తెప్పించాడు. తాగుతూ మిగతావి చెప్పాడు. బొగ్గు దుమ్ముకు కింద రేకు తినేసింది. ఓపెన్‌కాస్టు రోడ్ల మీద తిరిగిన బండంటే కరీంనగర్ బ్రోకర్లు దూరం నుంచే దండం పెడతారు. పైగా ఇంత ఇంజను పెట్టుకుని ఏ పోరగాడైనా గుంజి గుంజి నడిపే ఉంటాడనుకుంటారు.

"బాపు కూసుంటే ఎడ్లబండి లెక్క నడిపేటోడు చాచా."

"నాకెరుకే బేటీ. కొనేటోనికి ఎట్ల ఎరుక?"

కొనడానికి కమాన్‌పూర్ నుంచి ఒకాయన వచ్చాడు. పొలం గనికింద పోయి పైసలు చేతికొచ్చినవాడు. మర్యాదస్తుడే. "లీటరుకు ఎంతిస్తదక్కా?" అన్నాడు. "పాలిచ్చే బర్రెనా అన్నా, అడిగినంత ఇయ్యనీకి?" అన్నాను. నవ్వాడు. కొత్త రాష్ట్రంలో కొత్త నంబర్లు వస్తాయట, పాత నంబరు బండికి విలువేముంటుందని కూడా బేరమాడి చూశాడు. చివరికి ఒక్క మాట మీద నిలబడ్డాడు.

"బండి మంచిగనే ఉన్నది. ఆ సైలెన్సర్ ఒక్కటి తీపియ్యి అక్కా. ఇంట్ల పసిపిల్లలున్నరు, దడుసుకుంటరు. కంపెనీది ఏపిస్తే నువ్వన్న రేటే ఇస్త."

"ఇంతకన్న మంచి బేరం రాదు బేటీ" అన్నాడు చాచా. మరదలి మొహం గుర్తొచ్చింది. సరేనన్నాను.

అటక మీంచి పాత సైలెన్సర్ దింపించాను. తుప్పు పట్టకుండా నూనె రాసి, గోనెసంచిలో చుట్టి పెట్టాడు తమ్ముడు. చాచా షెడ్డులో విప్పి చూసి అక్కడే ఏడ్చాను. చాచా అటు తిరిగి పని చేసుకున్నాడు. బిగించాక తాళం తిప్పితే, ఇంజను అందుకోలేదనుకుని నేనే మళ్లీ తిప్పబోయాను. అంత మెత్తగా ఉంది.

సాయంత్రం వచ్చి తీసుకుపోతానన్నాడు కమాన్‌పూర్ ఆయన. ఆఖరిసారి బాపు చూస్తాడని ఇంటికి నడిపాను. మలుపు తిరిగాను. గేటు మూసే ఉంది. దాని ముందు బండి నిలిపి, ఇంజను ఆపకుండా కూర్చున్నాను. బాపు వాకిట్లో మంచం మీద అటు తిరిగి ఉన్నాడు. హారన్ కొట్టాను. ఎదురింటామె తొంగి చూసింది. బాపు కదల్లేదు. నేనే దిగి గేటు తీసుకున్నాను.

భుజం మీద చెయ్యేస్తే ఉలిక్కిపడ్డాడు. నా మొహం చూసి, గేటు దిక్కు చూశాడు. కారు కనపడగానే చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి, బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"నడుస్తున్నదా బిడ్డా ఇది?"

తలూపాను.

"నోరు మూపిచ్చినవు" అన్నాడు.

"మళ్ల తమ్ముడు పెట్టిందే ఏపిస్త బాపు! ఎవ్వనికీ అమ్మను!" అని చెవిలో అరిచాను. గల్లీ అంతా విని ఉంటుంది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వద్దు. ఎన్ని దినాలని తియ్యాలె గేటు? ఇచ్చెయ్."

లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కమాన్‌పూర్ ఆయన వచ్చి, మాట ప్రకారం పైసలిచ్చి, కారు తీసుకుపోయాడు. అన్నం పెట్టడానికి బాపును లేపితే కంచం ముందు కూర్చుని అడిగాడు.

"పోయిందా?"

"పోయింది బాపు" అని చెవిలో గట్టిగా చెప్పాను.

"ఆనాడు వాడొచ్చింది ఇనవడలె. ఇయ్యాల పోయింది గూడ ఇనవడలె" అన్నాడు.