ఆడినవాడి పేరు

ఆ రోజుల్లో మా ద్వీపాల్లో మామూలు మనిషి పేరు అచ్చులో పడాలంటే రెండే దారులు. పదో తరగతిలో ఫస్టు రావాలి, లేదా పోవాలి. నాకు మూడో దారి దొరికింది. హైదరాబాదులో ఒక కంప్యూటర్ మాసపత్రికకు వీడియో గేముల మీద సమీక్షలు రాసేవాణ్ణి. డబ్బులివ్వరు. "మీ పేరు అచ్చు కావడమే మీ పారితోషికం" అని ఎడిటరు గారు మొదటి ఉత్తరంలోనే తేల్చేశారు. (ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. నన్ను చిన్నబుచ్చిన ప్రతి ఉత్తరమూ ఉంది, నేను రాసిన ప్రతి ఫిర్యాదుకూ కార్బన్ కాపీ ఉంది. ఇంట్లోవాళ్లు ఆ ఫైలుకు 'కడుపుమంట' అని పేరు పెట్టారు.) ఉత్తరంతోపాటు వృత్తి ప్రమాణాలంటూ ఒక కాగితం కూడా వచ్చింది. ఆట చివరిదాకా ఆడకుండా సమీక్ష రాయకూడదు. ఆడినవాడే రాయాలి.

మొదటి నియమాన్ని ప్రాణంలా పాటించాం. రెండోదాన్ని మొదటి రోజే తుంగలో తొక్కాం. ఎందుకంటే నాకు ఆడటం రాదు. ఏ ఆటలోనైనా మొదటి మలుపు దగ్గరే చచ్చిపోయేవాణ్ణి. ఆడేది మా మేనత్త కొడుకు, మా బావ. వండూర్ జెట్టీలో టూరిస్టులను పడవలెక్కించే ఉద్యోగం అతనిది. సెలవు దొరికితే బస్సెక్కి, ఫెర్రీ దాటి బాంబూఫ్లాట్‌లోని మా నాన్న సిమెంటు దుకాణానికి వచ్చేవాడు. వెనక గదిలో బిల్లుల కోసం కొన్న కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇక లేవడు. హిందీలో చదువుకున్నవాడు కాబట్టి తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాదు. అతను ఆడుతూ చెబుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని నేను రాసుకునేవాణ్ణి.

"రాసుకోరా. బ్రిడ్జి కాడ కెమెరా తిరగదు. బందా పీఛే సే, ఎనకనించి వచ్చి కొట్టేస్తాడు."

"బందా అని రాయకూడదు బావా. శత్రువు అనాలి."

"శత్రువంట. ఆడు కంప్యూటర్లోవోడ్రా, మన పక్కింటోడు కాదు."

మొదటి సమీక్ష పడిన పత్రిక నెల ఆలస్యంగా ఓడలో వచ్చింది. బావ నా పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. తర్వాత వేలు పేజీ అడుగుదాకా జారి, వెనక్కి తిరిగి, మళ్లీ నా పేరు దగ్గరికొచ్చి ఆగింది.

"ఏట్రా, నా పేరు కహా గయా?"

"ఒకరి పేరే వేస్తారు బావా."

"నీ జీతం పేరే కదా. మరి నా జీతమేటి?"

ఎడిటరుకు రాస్తానన్నాను. రెండు వారాల తర్వాత ఫెర్రీ దిగుతూనే, "భేజా క్యా?" అన్నాడు.

"పంపాను బావా. జవాబు రాలేదు."

అతనది నమ్మి ఇంటికెళ్లి వాళ్లమ్మకు చెప్పాడు. ఆనాటి నుంచి ప్రతి నెలా అత్త పత్రిక పేజీలు తిప్పుతూ, "మావోడి పేరు ఏ పేజీలో పడిందిరా?" అని అడిగేది. వచ్చే నెల అత్తా, అనేవాణ్ణి. అలా మూడేళ్లు.

ఆ శనివారం సాయంత్రం ఒక ఆటలో ఆఖరి లెవెల్ మిగిలింది. బావ లేచి చెప్పులేసుకున్నాడు. "రేపు డ్యూటీ ఉంది. క్రిస్మస్ జనం. సోమవారం వచ్చి ఖతం చేసేస్తా. అందాకా పెన్ను ముట్టుకోకు. రూలంటే రూలే."

ఆదివారం పొద్దున భూమి ఊగింది. తర్వాత సముద్రం వచ్చింది. దుకాణంలో నీళ్లు తీసేసరికి సిమెంటు బస్తాలన్నీ బస్తాల ఆకారంలోనే రాళ్లయ్యాయి. కంప్యూటర్ పోయింది. బీరువా మీదున్న ఫైలు మాత్రం తడవలేదు. (కడుపుమంటకు ఈత కూడా వచ్చన్నమాట, అన్నాడు నాన్న. ఆ మాట అనడానికి ఆయనకు చాలా నెలలు పట్టింది.) బావ మూడో రోజు దొరికాడు. ఇల్లు మిగలని అత్త మా ఇంటికొచ్చేసింది.

కాస్త తెరిపిన పడ్డాక ఆ ఆట మీద సమీక్ష రాశాను. ఆఖరి లెవెల్ ఆడలేదని, ఆడవలసినవాడు లేడని ఉన్నదున్నట్టు రాసి, కింద బావ పేరు, దాని కింద నా పేరు పెట్టాను. జవాబులో సానుభూతి రెండు వాక్యాలు. పూర్తి చేయని ఆట మీద సమీక్ష వేయడం ప్రమాణాలకు విరుద్ధమట. "మీరు కళ్లారా చూసిన సునామీ గురించి నాలుగు పేజీలు, ఫొటోలతో పంపండి. ఎప్పటిలాగే మీ పేరుతో వేస్తాం." ముందు మా బావ పేరు వేస్తేనే ఆ నాలుగు పేజీలు పంపుతానని జవాబు రాశాను. దానికీ జవాబొచ్చింది. "ఇన్నేళ్లలో మీరు ఈ వ్యక్తిని ఒక్కసారి కూడా ప్రస్తావించలేదు. పోయినవారి మీద ప్రేమతో ఇప్పుడు పేరు చేర్చమనడం భావ్యం కాదు."

ఒక్కసారి కూడా ప్రస్తావించలేదట. ఒళ్లు మండిపోయింది. మూడేళ్ల కిందటి కార్బన్ కాపీ ఆయన మొహాన కొడదామని బీరువా మీంచి ఫైలు దించాను. అత్త వచ్చి పక్కన కూర్చుంది. కాగితాలు తిరగేస్తుంటే కాపీ దొరికింది. దానికి గుండుసూదితో గుచ్చి అసలు ఉత్తరమూ దొరికింది, నా సంతకంతో, స్టాంపు అంటించిన కవరుతో సహా.

అప్పుడు గుర్తొచ్చింది. పోస్టు డబ్బా దాకా వెళ్లాను. ఆడేది వేరేవాడని తెలిస్తే, ఆడినవాడే రాయాలన్న నియమం చూపించి నా పేరు కూడా తీసేస్తారని భయం వేసింది. కవరు జేబులో పెట్టుకుని తిరిగొచ్చేశాను. పరాయివాళ్లు నాకు చేసినవి ఒక్కటీ మరవని నేను, నేను చేసినదాన్ని ఎంత శుభ్రంగా మరిచిపోయానో.

అత్త నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని నిదానంగా చదివింది.

"పేరు బాగానే రాసావు. మరి పంపకుండా దాసుకున్నావేటి?"

ఆమె ఉత్తరాన్ని మడతల మీదే మడిచి కవరులో పెట్టి నాకిచ్చింది. "ఇప్పుడెళ్లి పడెయ్."

వెళ్లి పోస్టు డబ్బాలో వేశాను. ఆ నాలుగు పేజీలు రాయలేదు. పత్రిక తర్వాత మూతపడిందని విన్నాను.

నలభై దాటినా ఫిర్యాదులు రాస్తూనే ఉన్నాను. ఫెర్రీ ఆలస్యమైనా, కరెంటు పోయినా నా ఉత్తరం వెళ్లాల్సిందే. మొన్న ఒక వెబ్‌సైటువాళ్లు ఫోన్ చేసి గేముల మీద రాయమన్నారు. డబ్బులివ్వలేం గాని పేరు వేస్తామన్నారు. ఎవరి పేరు అని అడిగాను. అవతలివాడికి అర్థం కాలేదు, నాకు నవ్వొచ్చింది. ఇప్పటికీ పోస్టుమాన్ మా వీధిలోకి వస్తే ఒకసారి గుమ్మంలోకి వెళ్లి నిలబడతాను.

జవాబు రాలేదు బావా. ఈసారి అబద్ధం కాదు.