పద్ధతి లేని జడలు

మా గోదావరి జిల్లాలో, నేను చదివిన బళ్ళో, రెండు జడలు వేసుకురాకపోతే టీచరు అరచేతిమీద ఒక్కటిచ్చేది. అందుకే, ఇక్కడ గల్ఫ్‌లో మా పైఅంతస్తు సూడాన్ ఆవిడ కూతుర్ని జడలు వేసుకొచ్చిందని క్లాసులోకి రానివ్వట్లేదంటే నాకు ముందు బుర్రకెక్కలేదు. ఆరో క్లాసు పిల్ల. తలంతా సన్నసన్న జడలు. అల్లడానికి వాళ్ళమ్మకి ఒక పూట పడుతుంది. 'పద్ధతిగా లేవు, విప్పించి పంపండి' అని స్కూలు నుంచి చీటీ వచ్చింది. విప్పలేదని నాలుగు రోజులుగా ఆఫీసు బయట బెంచీమీద కూర్చోబెడుతున్నారు. పరీక్షలేమో నెత్తిమీదకొచ్చాయి.

నాకు ఒళ్ళు మండింది. మేముండే అబూ హమూర్‌లో మా బిల్డింగు పిల్లలందరిదీ ఒకటే బడి. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు. శుక్రవారం చర్చి నుంచి రాగానే తల్లులందరినీ మా హాల్లోకి పిలిచి టీ ఇచ్చాను. కరీంనగర్ ఆవిడ మెల్లగా, "మన పిల్లలనైతే ఏమనలేదు గదా అక్కా, మనకెందుకీ లొల్లి" అంది.

నేను నోరు తెరిచేలోగా మా అమ్మాయి అందుకుంది. "నువ్వు మాత్రం తక్కువా అమ్మా? ఇంట్లో ఎప్పుడూ 'ఆ నల్లపిల్ల' అనే అంటావు. ఒక్కసారైనా పేరు పెట్టి పిలిచావా?"

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏమంటోందని సూడాన్ ఆవిడ అడిగింది. దాచలేదు. వచ్చీరాని అరబ్బీ, ఇంగ్లీషు కలిపి చెప్పేశాను. పేరుకి నోరు తిరగక అలా అలవాటైందని ఒక సాకు కూడా తగిలించాను. "అయితే నేర్చుకో" అందావిడ, నవ్వకుండా. అందరి ముందూ ఆ పేరు నాచేత పదిసార్లు అనిపించింది. పదోసారి కూడా తప్పే పలికాను.

అదంతా చూసిన కరీంనగర్ ఆవిడ, "మా పిల్లకు గూడ గట్లనే అల్లమను. ఏమంటరో చూద్దాం" అంది.

శనివారమంతా సూడాన్ ఆవిడ వాళ్ళ పిల్లకీ మా అమ్మాయికీ అల్లుతూనే ఉంది. ఆదివారం పొద్దున్న ముగ్గురు పిల్లలూ ఒకే రకం జడలతో గేటు దగ్గరికి నడిచారు, వెనక మేము. సూపర్‌వైజరు మేడమ్ మా అమ్మాయి గడ్డం పట్టుకుని, "కొత్త స్టయిలా, బావుందే" అంది. వెంటనే వెనకున్న సూడాన్ ఆవిడ కూతుర్ని చూసి, "నువ్వు ఆఫీసుకి పద" అంది.

"మేడమ్, ఇవన్నీ ఒక్క చెయ్యి అల్లిన జడలు" అన్నాను. "తేడా ఏముందో చెప్పండి, వింటాం."

ఆవిడ లోపలికి కబురంపింది. ప్రిన్సిపాల్ బయటికొచ్చి ముగ్గురినీ పక్కపక్కన నిలబెట్టి చూశారు. చీటీ వెనక్కి తీసుకుని, "తప్పు మాదే. క్లాసుకి వెళ్ళండమ్మా" అన్నారు. సూడాన్ ఆవిడ కదల్లేదు. పోయిన నాలుగు రోజుల పాఠాలూ మళ్ళీ చెప్పిస్తామని ఒప్పుకున్నాకే గేటు వదిలింది.

హాజరు పిలిస్తే ఆ పిల్ల పక్క క్లాసుకి వినపడేలా 'ప్రెజెంట్' అందట. మా అమ్మాయి ఇంటికి రాగానే బ్యాగు దించకుండా చెప్పింది. నేను మెట్ల దగ్గరికెళ్ళి, ఒకసారి గొంతు సవరించుకుని, పేరు పెట్టి పిలిచాను. పలుకులో తప్పు మాత్రం పోలేదు.

"ప్రెజెంట్, ఆంటీ" అని పైనుంచి అరిచింది.